చెత్త మండే కొండ ఎక్కొచ్చాం

మా తమ్ముడు డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో సెటిలై చాలా ఏళ్ళయింది, రండి రండి అని వాడు అడగడం, మేం వస్తాం వస్తాం అనడం తప్ప కదిలింది లేదు. చివరికి రెండు మూడేళ్ళ కిందట ఇక్కడి ఎండలకి తట్టుకోలేక మే నెలాఖర్లో నేనూ మావారూ బయల్దేరాం. జలకన్య బొమ్మ, రాజుగారి కోటలు, నైహావెన్‌లో రంగురంగుల ఇళ్ళు, ఇవన్నీ అందరూ ఫొటోలతో సహా రాసేశారు కాబట్టి నేను వాటి జోలికి పోను. జలకన్యని చూసి "ఇంతేనా" అనుకున్నా, అంతే.

మావారు పాల్వంచలో, అదే మన కేటీపీఎస్ బొగ్గు కరెంటు ప్లాంట్‌లో బాయిలర్ మెయింటెనెన్స్ చేసి రిటైరయ్యారు. ఏ ఊరెళ్ళినా ముందు పొగగొట్టం ఎక్కడుందో చూస్తారు, గుడి గోపురం ఆ తర్వాతే. విమానం దిగుతుంటే కిటికీలోంచి సముద్రం ఒడ్డున వెండి రంగులో వాలుగా ఉన్న పెద్ద బిల్డింగ్, దానికో చిమ్నీ కనపడ్డాయి, ఇక ఇమిగ్రేషన్ దగ్గర్నుంచే "అదేంట్రా బాబూ అది" అని మా వాడికి మెసేజ్. "అది చెత్త కాల్చి కరెంటు, వేడినీళ్ళు తీసే ప్లాంట్ బావా, దాని నెత్తిన స్కీయింగ్ చేస్తారు" అని వాడు రిప్లై ఇస్తే జోక్ అనుకున్నాం.

జోక్ కాదు. అమాగర్ బాకె అంటారు, టూరిస్టులకి కోపెన్‌హిల్ అంటే తెలుస్తుంది. 1970 నాటి పాత చెత్త ప్లాంట్ పక్కనే ఇది కట్టి 2017లో మొదలెట్టారు, పైన ఆకుపచ్చ ప్లాస్టిక్ మ్యాట్ పరిచిన స్కీ వాలు 2019 అక్టోబర్లో తెరిచారు. డిజైన్ బ్యార్కె ఇంగెల్స్ అనే ఆర్కిటెక్ట్ ఆఫీస్‌ది. అయిదు మునిసిపాలిటీలు కలిసి పెట్టుకున్న సంస్థ నడుపుతుంది.

అక్కడికి వెళ్ళే ముందు మా మరదలి వంటింటి గురించి చెప్పాలి, ఎందుకంటే అసలు కథంతా అక్కడే ఉంది. సింక్ కింద తలుపు తీస్తే వరసగా డబ్బాలు. ఉల్లిపొట్టు, టీ పొడి, పోపులో ఏరిపారేసిన కరివేపాకు, మిగిలిన పప్పు, ఇవన్నీ పల్చటి ఆకుపచ్చ కవర్లోకి. ఆ కవర్లు ఊరంతా మునిసిపాలిటీయే ఇస్తుంది, అది బయోగ్యాస్‌కి పోతుంది. ప్లాస్టిక్ వేరు, కాగితం వేరు, గాజు వేరు, డబ్బా రేకులు వేరు. కూల్ డ్రింక్ సీసాలు అసలు చెత్తలోకే రావు, కొన్నప్పుడే డిపాజిట్ కడతాం, సూపర్ మార్కెట్లో మెషీన్‌లో వేస్తే రకాన్ని, సైజుని బట్టి వాళ్ళ డబ్బుల్లో 1 క్రోన్, ఒకటిన్నర, 3 క్రోన్లు తిరిగిస్తుంది. ఆ 3 క్రోన్ల సీసా ఎక్కడైనా పార్కులో కనపడితే మావారు వదిలేవారు కాదు, మా మరదలు సిగ్గుతో చచ్చిపోయింది పాపం. ఇన్ని తీసేశాక మిగిలేది ఏంటయ్యా అంటే డైపర్లు, జిడ్డు పట్టిన పిజ్జా అట్టలు, వాక్యూమ్ క్లీనర్ దుమ్ము, విరిగిన బొమ్మలు. చాలావరకు పొడి చెత్త. ఇదీ ఆ కొలిమిలోకి పోయేది.

మా తమ్ముడి ఆఫీసువాళ్ళ గ్రూప్‌కి లోపల చూపించే టూర్ ఉంటే మమ్మల్ని కూడా ఇరికించాడు. హెల్మెట్లు, ఆరెంజ్ జాకెట్లు ఇచ్చారు. దగ్గరికెళ్ళేదాకా నేను ముక్కు మూసుకోడానికి చున్నీ రెడీగా పట్టుకున్నా, చెత్త లారీలు వచ్చే గేటు దాకా వెళ్ళినా వాసన లేదు. మాకేమో ఇంటి దగ్గర సాయంత్రం గాలి మళ్ళిందంటే కిటికీలు వేసుకోవడం అలవాటు, అందుకే ఇది నాకు కరెంటు కన్నా పెద్ద వింతగా అనిపించింది. కిటుకేంటంటే మంటకి కావాల్సిన గాలిని బయట్నుంచి కాకుండా చెత్త పోసే హాల్లోంచే లాగుతారంట, దాంతో గాలి ఎప్పుడూ బయట్నుంచి లోపలికే పోతుంది, వాసన కూడా గాలితో పాటు వెళ్ళి మంటలో పడుతుంది.

బంకర్ మాత్రం నేను మర్చిపోలేను. అద్దం వెనకాల నుంచొని చూస్తే కింద పెద్ద గొయ్యి, అందులో ఊరు ఊరంతా వదిలించుకున్న సామాను. పై నుంచి ఇనప పంజా ఒకటి మెల్లగా దిగి, లారీ అంత ముద్ద పట్టుకుని లేచి, కొంచెం పక్కకి జరిగి మళ్ళీ వదిలేస్తుంది. పట్టుకుందాన్ని కొలిమిలో వెయ్యకుండా ఎందుకు వదిలేస్తుందో నాకు అర్థం కాలేదు, మావారు చెప్పారు, కలుపుతోంది, ఒకచోట తడిది ఇంకోచోట ఎండుది పడితే మంట ఎగుడుదిగుడుగా ఉంటుంది, బాయిలర్‌కి అది పడదు అని. ఆ కలిపే ముద్దలోంచి ఒక ఎర్ర సోఫా పరుపు జారి పడి, రెండోసారి పంజాకి దొరికి, తర్వాత కనపడలేదు.

ఒక్కోటి గంటకి 35 టన్నులు మింగే కొలుములు రెండున్నాయి. చెత్త గ్రేట్ మీద, అంటే కదిలే ఇనప చట్రం మీద, మెల్లగా కదుల్తూ ఎండి, మండి, చివరికి బూడిద అవుతుంది. దానిమీద వచ్చే పొగని కనీసం 850 డిగ్రీల్లో 2 సెకన్లు ఉంచాలని యూరప్ రూలు, డయాక్సిన్లు అనే విషాలు విరిగిపోవడానికి. తర్వాత పొగని కడగడానికి ఉన్న మెషినరీ చూస్తే బాయిలర్ కన్నా అదే ఎక్కువ చోటు తిన్నట్టుంది. అడుగు బూడిదలోంచి ఇనుము, అల్యూమినియం ఏరేసి మిగతాది రోడ్ల కింద పోస్తారు, ఫిల్టర్లలో చిక్కే సన్న బూడిద మాత్రం విషం కిందే లెక్క, డెన్మార్క్ నుంచి దాన్ని నార్వేకి పంపుతుంటారు. చెత్త మాయమైపోతుంది అనేవాళ్ళు ఈ బూడిద సంగతి చెప్పరు, చూడండి.

ఇక మావారి ఇంటర్వ్యూ మొదలైంది. స్టీమ్ వేడి ఎంత, ప్రెజర్ ఎంత అని అడిగారు. 440 డిగ్రీలు, 70 బార్ అంది మాకు చూపించే అమ్మాయి. "మా దగ్గర 540" అని గర్వంగా ఒక నవ్వు. ఆ అమ్మాయి ఊరుకోలేదు, చెత్తలో ప్లాస్టిక్కు, ఉప్పు ఉంటాయి కాబట్టి క్లోరిన్ వస్తుంది, ఇంకా వేడి పెంచితే అది బాయిలర్ ట్యూబులు తినేస్తుంది అని చెప్పింది. ట్యూబ్ లీకేజీలతో ఆయన ఎన్ని దసరాలు ప్లాంట్‌లోనే గడిపారో నాకు తెలుసు, టకీమని తలూపి సీరియస్ అయిపోయారు. స్టీమ్ వేడి తక్కువైతే వచ్చే కరెంటూ తక్కువే, అంటే చెత్త నుంచి కరెంటు మాత్రమే తీద్దామంటే బొగ్గంత గిట్టుబాటు కాదు. మరి వీళ్ళకెలా గిడుతోంది? అక్కడుంది అసలు సంగతి. ఈ ప్లాంట్ కరెంటు 0 నుంచి 63 మెగావాట్లు, వేడి 157 నుంచి 247 మెగావాట్లు, ఊరి అవసరాన్ని బట్టి ఎటు కావాలంటే అటు తిప్పుకుంటారు. కోపెన్‌హాగెన్‌లో దాదాపు ఇళ్ళన్నిటికీ భూమిలో పైపుల్లోంచి వేడినీళ్ళు వస్తాయి, గదులు వెచ్చగా ఉండేది వాటితోనే. అంటే కరెంటు తీశాక మిగిలిన వేడిని ఊరికి అమ్ముతున్నారు. ఈ పద్ధతి ఇవాళ్టిది కాదు, 1903లోనే పక్కన ఫ్రెడరిక్స్‌బెర్గ్‌లో చెత్త పొయ్యడానికి చోటు లేక కాల్చడం మొదలెట్టి ఆ వేడిని ఆస్పత్రికి పంపారు.

"మేం ఆ వేడి మొత్తం కూలింగ్ టవర్ల మీంచి ఆకాశంలోకి వదిలేవాళ్ళం" అన్నారు మావారు. పాల్వంచలో పాత ప్లాంట్ కూలింగ్ టవర్లు 8 ఉండేవి, 2024 ఆగస్టులో పడగొట్టారు, ఆ వీడియో ఇప్పటికీ ఆయన ఫోన్‌లో ఉంది, అది వేరే కథ.

లిఫ్ట్‌లో పైకి వెళ్తుంటే అద్దాల్లోంచి లోపలి పైపులు, ప్లాట్‌ఫారాలు కనిపిస్తాయి, మావారు ఇంకోసారి దిగి ఎక్కుదామన్నారు. పైన గాలి అబ్బో, నా చున్నీ తమ్ముడి మొహానికి చుట్టుకుంది. ఆ గాల్లో పిల్లలు ఆకుపచ్చ మ్యాట్ మీద సర్రుసర్రున జారిపోతున్నారు, మంచు లేదు ఏం లేదు. పక్కన గోడకి 85 మీటర్ల ఎత్తు దాకా రంగురంగుల పట్లు బిగించారు, తాడు కట్టుకుని ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు. ఇటు స్వీడన్‌కి వెళ్ళే వంతెన, అటు సముద్రంలో వంపుగా నిలబెట్టిన 20 గాలిమరలు, పక్కనే ఒకప్పుడు బొగ్గు కాల్చి ఇప్పుడు చెక్క ముక్కలు కాల్చే పవర్ స్టేషన్. మా కాళ్ళ కిందేమో చెత్త మండుతోంది. చిమ్నీలోంచి తెల్లగా ఆవిరి తప్ప ఏం కనపడలేదు.

కనపడకపోతే లేనట్టు కాదు. ఇదంతా చూసి "ఎంత గొప్పవాళ్ళు" అని నేను మురిసిపోతుంటే మా తమ్ముడే నీళ్ళు చల్లాడు. 2025 కల్లా కార్బన్ న్యూట్రల్ అవుతామని, అంటే వదిలే కార్బన్‌కి సరిపడా తగ్గించి లెక్క సున్నా చేస్తామని, ఈ ఊరు 2012లో ప్లాన్ వేసుకుంది. దానికి ఈ చిమ్నీ నుంచి ఏడాదికి 5 లక్షల టన్నుల దాకా కార్బన్ డయాక్సైడ్ పట్టుకోవాలి, ఆ ప్రాజెక్ట్‌కి ప్రభుత్వ డబ్బు రాకపోయేసరికి 2022లో ఆ టార్గెట్ అందుకోలేమని ఒప్పేసుకున్నారు. ఇంకోటి, ఇంత పెద్ద కొలిమి కట్టుకున్నాక దానికి తిండి పెట్టాలిగా, ఇంగ్లండ్ లాంటి దేశాల నుంచి ఓడల్లో చెత్త తెప్పించుకున్నారు. చివరికి 2020లో దేశం మొత్తం మీద ఈ కాల్చే కెపాసిటీని 30 శాతం దాకా తగ్గించాలని చాలా పార్టీలు కూర్చుని అనుకున్నాయి. ప్లాస్టిక్ వేరు చేసే కొద్దీ కాల్చడానికి మిగిలేది తగ్గిపోతుంది, ప్లాంటేమో నిండాలి, ఈ పేచీ వాళ్ళకీ తెగలేదు.

"మన దగ్గర ఇలాంటిది పెడితే బావా?" అని వాడు అడగనే అడిగాడు. మావారికి ఇది బాగా ఇష్టమైన టాపిక్. 1987లోనే ఢిల్లీ తిమార్‌పూర్‌లో డెన్మార్క్ కంపెనీయే ప్లాంట్ కట్టింది, 21 రోజులు నడిచి ఆగిపోయింది, మన చెత్తలో తడి, మట్టి తప్ప మండేది ఏదీ సరిపడా లేక. 2003 ప్రాంతంలో షాద్‌నగర్ దగ్గర ఎలికట్టలో, విజయవాడలో చెత్తని ఎండబెట్టి ఊక అదీ కలిపి కాల్చి చూశారు, అవీ నిలవలేదు. ఇప్పుడు హైదరాబాద్ జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో మొదలైన ప్లాంట్ నడుస్తోంది, కానీ అక్కడ వేడినీళ్ళు కొనే ఇల్లు ఏది, మనకి ఏడాదిలో పది నెలలు ఫ్యాను కింద బతుకాయె. కాబట్టి వాళ్ళ బిల్డింగ్ కాపీ కొట్టడం కన్నా మా మరదలి సింక్ కింద డబ్బాలు కాపీ కొడితే మనకి ఎక్కువ పనికొస్తుందని నా ఉద్దేశం. మావారు పూర్తిగా ఒప్పుకోలేదు. మరి ఇప్పటికే పేరుకున్న గుట్టల్ని ఏం చేస్తావు అంటారు. అదీ నిజమే, ఆ రాత్రి భోజనాల దగ్గర కూడా తేల్లేదు.

వెళ్ళేవాళ్ళకి నాలుగు ముక్కలు: పైకి నడిచి ఎక్కడానికి టికెట్ లేదు, దారి వెంట చెట్లు, గడ్డి పూలు బావుంటాయి, కానీ మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు లిఫ్ట్‌లో ఎక్కి నడిచి దిగండి, అది కూడా మెట్లు కొన్నిచోట్ల నిలువుగా ఉన్నాయి. వేసవైనా స్వెట్టర్ పట్టుకెళ్ళండి. పైన కాఫీ ధర రూపాయల్లోకి మార్చి చూడకండి, మేం ఫ్లాస్క్‌లో టీ, చేగోడీలు తీసుకెళ్ళాం. దిగాక కొంచెం దూరం నడిస్తే రెఫ్‌షేలోయెన్ దగ్గర పడవ బస్సు దొరుకుతుంది, బస్సు పాసే దానికీ చెల్లుతుంది, సాయంత్రం అయితే ఎండలో ఊరంతా చూసుకుంటూ నైహావెన్‌లో దిగొచ్చు.