టోక్యోలో రీలు కెమెరాల వేట

అనంతపురం నుంచి హైవే పట్టుకుంటే బెంగళూరు దేవనహళ్లి విమానాశ్రయం, అక్కడి నుంచి టోక్యో విమానాశ్రయం నరితాకు నేరుగా విమానం. టోక్యోకు మేం పోయింది రీలు కెమెరాల కోసమే. బ్యాటరీ లేకున్నా షట్టర్ (రీలు మీద వెలుతురు పడనిచ్చే తెర) పడే కెమెరానే కొనాలని ముందే అనుకున్నాం. లోపలి సర్క్యూట్ పోతే మన దగ్గర బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం. గేర్లు, స్ప్రింగులతో నడిచేదైతే పాత మెకానిక్ ఎవరో ఒకరు విప్పి చూడగలరు.

షింజుకు స్టేషన్‌లో పడమటి వైపు దిగితే మ్యాప్ కెమెరా అనే దుకాణం దగ్గరే. సరుకు శుభ్రంగా ఉంటుంది, ధరా అందుకు తగ్గట్టే ఉంటుంది. మాకు నచ్చింది నకానో. చూఓ లైన్ ర్యాపిడ్ రైలెక్కితే షింజుకు తర్వాతి స్టేషనే అది. ఉత్తరం వైపు బయటికొస్తే పైకప్పు వేసిన బజారు వీధి, ఆ చుట్టుపక్కలే ఫుజియా కెమెరా దుకాణం. పొద్దున్నే పోయి లాభం లేదు, దుకాణాలు పది, పదకొండుకు గాని తెరవరు. బేరాలూ ఉండవు.

ప్రతి కెమెరాకూ ఒక చీటీ కట్టి ఉంటుంది. ఫోన్‌తో చదివించుకోవచ్చు గాని, కొన్ని మాటలు తెలిసుంటే పని త్వరగా తెములుతుంది. 'బిహిన్' అంటే చక్కగా ఉన్నది, 'నామిహిన్' మామూలుది. 'కబి' అని ఉంటే లెన్సులో బూజు, 'కుమోరి' అంటే మసక. 'జంక్' అని రాసినదాన్ని వాళ్లు పరీక్షించరు, వాపసూ తీసుకోరు. హార్డ్‌ఆఫ్ అనే పాత సామాన్ల దుకాణాల్లో ఇలాంటివి బుట్టల్లో పోసి పెడతారు. విడిభాగాల కోసమైతేనే అందులో చెయ్యి పెట్టండి.

చీటీ ఎంత బాగున్నా చేత్తో చూడాల్సిందే. జేబులో చిన్న టార్చి, రెండు ఎల్ఆర్44 బిళ్ల బ్యాటరీలు ఉంచుకోండి. అడిగి లెన్సు తీయించి, వెనక తలుపు తెరిచి, వెలుతురు వైపు పట్టుకుని షట్టర్ వేగం 1/1000 సెకను మీద పెట్టి నొక్కాలి. గడి అంతా ఒకేలా మెరవాలి. ఒక అంచు నల్లగా ఉండిపోతే షట్టర్ తెరల వేగం కలవడం లేదన్నమాట, ఆ ఫొటోల్లో ఒక పక్క చీకటే. తర్వాత 1 సెకను పెట్టి చెవి దగ్గర వినండి. మధ్యలో గునిసి ఆగితే లోపలి నూనె గడ్డకట్టింది. గుడ్డ తెర అయితే వెనక నుంచి టార్చి వేసి సూదిమొన చిల్లులు వెతకాలి. లెన్సులోకి ఏటవాలుగా వెలుగు వేస్తే బూజు సాలెగూడులా కనబడుతుంది. తలుపు గాడిలో నల్ల ఫోమ్ గోటికి తారులా అంటుకుంటే భయపడక్కర్లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పళ్లపుల్లలతో గీకి కొత్తది అతికించుకోవచ్చు.

1976 నాటి కెనాన్ ఏఈ-1 ఎక్కడ చూసినా ఉంది. అందమైనదే, కానీ 6 వోల్టుల బ్యాటరీ లేనిదే కదలదు. నొక్కినప్పుడు కీచుమంటే అద్దం పక్కన గేరు ఎండిపోయిందని గుర్తు. మేం తీసుకున్నది 1977లో వచ్చిన నికాన్ ఎఫ్ఎం. అందులో బ్యాటరీ వెలుతురు కొలిచే మీటరుకే, షట్టర్ అన్ని వేగాల్లోనూ అది లేకుండానే పడుతుంది.

ఒలింపస్ ఓఎం-1 చేతిలో పట్టుకుంటే వదలబుద్ధి కాదు. కానీ దాని మీటరు 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి కట్టింది, అవిప్పుడు తయారు కావు. 1.5 వోల్టులది వేస్తే మీటరు తప్పు చెబుతుంది. చెవిటి మిషన్‌లో వేసే 675 జింక్-ఎయిర్ బిళ్ల 1.4 వోల్టులిస్తుంది, సన్న రింగు తొడిగితే సరిపోతుంది. స్టిక్కర్ పీకాక మాత్రం గాలికి ఎండిపోతుంది, మన అనంతపురం పొడిగాలికి ఇంకా త్వరగా. ఆ బాధ వద్దనుకుంటే 1964 నాటి పెంటాక్స్ స్పాట్‌మ్యాటిక్ చూడండి. దాని సర్క్యూట్ వోల్టేజి తేడాను పెద్దగా పట్టించుకోదు.

వచ్చేటప్పుడు రీళ్లను చేతిసంచిలోనే పెట్టుకుని, అవి పాడవకుండా విమానాశ్రయం సీటీ స్కానర్‌లో వేయక చేత్తో చూడమని అడగాలి. మన పొడి వాతావరణంలో బూజు బెడద తక్కువే గాని, ఎండలో నిలిపిన కారులో కెమెరా వదిలితే గ్రీజు కరిగి, లెన్సులో వెలుతురును తగ్గించే అపర్చర్ రేకుల మీదికి పాకుతుంది. అందుకని మే నెలలో బీరువా లోపలే పెట్టండి.