ఎక్కేటప్పుడే దిగడం చూసుకోవాలి

నిటారు రాతి కొండ ఎక్కాలనుకున్నవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని కిలోమీటర్లు?" అని. ఆ ఒక్క అంకెతో ఇక్కడ పని జరగదు. మొత్తం ఎంత ఎత్తు ఎక్కాలి, ఆ ఎత్తు ఎంత దూరంలో వస్తుంది, తిరిగి దిగేది కూడా అవే బండల మీదనేనా అన్నది తెలియాలి. ఈ మూడూ తెలిస్తేనే ఎప్పుడు బయల్దేరాలో తేలుతుంది.

లెక్క కట్టడానికి 1892లో విలియం నెయిస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. నడకకు గంటకు సుమారు 5 కిలోమీటర్లు, పైకి ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఒక గంట. శిఖరం 4 కిలోమీటర్ల దూరంలో, 900 మీటర్ల ఎత్తున ఉందనుకోండి. నడకకు 48 నిమిషాలు, ఎత్తుకు గంటన్నర, మొత్తం 2 గంటల 18 నిమిషాలు. కానీ ఇది మంచి బాట మీద, ఆగకుండా నడిచే మనిషి లెక్క. చేతులు కూడా వాడాల్సిన రాతి దారికి ఇందులో సగం మళ్లీ కలపాలి, అంటే దాదాపు మూడున్నర గంటలు. ఈ సూత్రంలో దిగడానికి అదనపు సమయం లేదు, అదే దాని లోపం. బండల మధ్య దిగడానికి ఎక్కినంత సేపూ పట్టవచ్చు. ఇంకో మూడు గంటలు వేసుకుని, ఆగే సమయం ఒక గంట కలిపితే ఏడున్నర గంటలు. తెల్లవారి ఆరింటికి మొదలుపెడితే మధ్యాహ్నం ఒకటిన్నరకు కిందికి వస్తారు.

అంత పొద్దున్నే ఎందుకంటే, ఎండ ఎక్కేకొద్దీ వేడెక్కిన వాలు మీది గాలి పైకి లేచి శిఖరం దగ్గరే మబ్బు కడుతుంది. ఉదయం పది లోపు కనిపించే లోయలు, వరుస కొండలు మధ్యాహ్నానికి తెల్లటి పొగలో పోతాయి. పిడుగులు పడే కాలంలో ఇది అందం గురించిన మాట కూడా కాదు, ప్రాణం గురించిన మాట. అందుకే వెనక్కి తిరిగే సమయం ఇంటి దగ్గరే నిర్ణయించుకుని అందరికీ చెప్పాలి. శిఖరం కళ్లెదుట కనిపిస్తున్నప్పుడు ఎవరి బుర్రా సరిగా పనిచేయదు. పైగా బయటికి ఉబ్బినట్టుండే కుంభాకారపు వాలులో పైన కనిపించేది చాలాసార్లు అసలు శిఖరం కాదు, దాని ముందున్న గూను. మ్యాపులో కాంటూర్ గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) చూస్తే ఆ సంగతి ముందే తెలుస్తుంది. గీతల మధ్య ఎత్తు తేడా 20 మీటర్లయితే, 100 మీటర్ల దూరంలో అలాంటి తేడాలు ఐదు ఉన్నచోట వాలు 45 డిగ్రీలు. అక్కడ చేతులు వాడక తప్పదు.

బూట్లలో వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. గోళ్లు ముందురోజే కత్తిరించాలి. ఎక్కేటప్పుడు పాదం పైన లేసులు కాస్త వదులుగా ఉన్నా పర్వాలేదు. దిగే ముందు మాత్రం ఆగి, మడమను వెనక్కి నెట్టి, చీలమండ దగ్గర గట్టిగా బిగించి మళ్లీ కట్టుకోవాలి. ఈ రెండు నిమిషాల పని మానేస్తే పాదం ముందుకు జారి, గోళ్లు నల్లబడేది దిగేటప్పుడే.

ఇక అసలు విషయం అడుగు. ఏటవాలు బండ మీద భయం వేయగానే మనిషి చేసేవి రెండు: మునివేళ్ల మీద లేవడం, బండను కావలించుకున్నట్టు ముందుకు వాలడం. రెండూ జారేలా చేసేవే. మడమ లేస్తే సోలు రాతికి ఆనే చోటు తగ్గుతుంది, పిక్కలు వణకడం మొదలవుతుంది. ముందుకు వాలితే బరువు పాదాన్ని రాతిలోకి నొక్కడం మాని, వాలు వెంబడి బయటికి తోస్తుంది. నడుము పాదాల మీదికి వచ్చేలా నిలబడి, మడమ దించి, సోలంతా ఆనిస్తే పొడి రాయి బాగానే పట్టుకుంటుంది. చేతులు ఆసరాకే, వేలాడడానికి కాదు. రెండు చేతులు, రెండు కాళ్లలో ఎప్పుడూ మూడు ఆని ఉండాలి, ఒక్కటే కదలాలి. అడుగు చిన్నదిగా వేయండి. మోకాలి ఎత్తున్న మెట్టును ఒకేసారి ఎక్కేకంటే పక్కనున్న రెండు చిన్న రాళ్ల మీదుగా వెళ్తే తొడల బలం మిగులుతుంది.

తడిసిన నాచు ఉన్న రాయి ఎంత మంచి బూటునైనా జార్చేస్తుంది. పొద్దున పొడిగా ఎక్కిన బండ మీద మధ్యాహ్నం వాన పడితే అదే బండ వేరే దారి అయిపోతుంది. కాబట్టి ప్రతి కష్టమైన చోటా పైకి వెళ్లేముందు వెనక్కి తిరిగి చూసి, ఇక్కడ తడిలో దిగగలనా అని అడగాలి. ఎక్కేటప్పుడు పట్టు కళ్లెదుట ఉంటుంది, దిగేటప్పుడు కాలు పెట్టే చోటు కడుపు కింద దాగిపోతుంది. ఎక్కగలిగినచోటల్లా దిగలేం. దిగలేనని తోస్తే పైకి వెళ్లడం మానుకోవాల్సింది అక్కడే.

పట్టుకునే రాయిని బరువు వేయకముందే అరచేతితో కొట్టి చూడాలి. డొల్లగా మోగినా, కాస్త కదిలినా వదిలేయాలి. తప్పనిసరైతే కిందివైపుకే లాగాలి, బయటికి లాగితే ఊడి మీదే పడుతుంది. వదులు రాళ్ల సందులో ఒకరికింద ఒకరు దూరందూరంగా నడవడం ప్రమాదం. రాయి దొర్లేకొద్దీ వేగం అందుకుంటుంది. దగ్గరదగ్గరగా వెళ్లండి, లేదా ఒక్కొక్కరే దాటి పక్కకు తప్పుకోండి. రాయి కదిలితే ఎవరి తప్పని చూడకుండా "రాయి!" అని గట్టిగా అరవాలి.

పోల్స్, అంటే నడకకు ఊతమిచ్చే కర్రలు, మామూలు నేల మీద మోచేయి 90 డిగ్రీలు వంగేంత పొడవుండాలి. ఎక్కేటప్పుడు 5 నుంచి 10 సెంటీమీటర్లు తగ్గించి, దిగేటప్పుడు అంతే పెంచాలి. గుండ్ల మధ్య మణికట్టు పట్టీలు తీసేయాలి. కర్ర సందులో ఇరుక్కుంటే చేతిని కూడా లాగేస్తుంది. చేతులు వాడే చోట పోల్స్‌ను బ్యాగుకు కట్టేయడమే మేలు.

ఎండ రోజున గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు పడతాయి. పై లెక్క ప్రకారం ఏడున్నర గంటలకు నాలుగు లీటర్లకు తగ్గొద్దు. ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతి వస్తాయి. ఉప్పుగా ఏదైనా తింటూ, ఓఆర్‌ఎస్ కలుపుకుంటూ తాగాలి. శిఖరం చేరేసరికి సగం నీళ్లు మిగలాలి.

పైకి వెళ్లే ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. చెమటతో తడిసిన కాటన్ చొక్కా పైన గాలి తగిలితే ఒంట్లో వేడిని లాగేస్తుంది. పైకి చేరగానే, చలి వేయకముందే, గాలి ఆపే జాకెట్ వేసుకోవాలి. ఫొటో కోసం వెనక్కి అడుగు వేయొద్దు, నిలబడే చోటు ముందు చూసుకున్నాకే ఫోన్ తీయండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 3 సెకన్లు ఉంటే పిడుగు ఒక కిలోమీటరు దూరంలో పడినట్టు. 30 సెకన్లలోపు వినిపిస్తే వెంటనే శిఖరం, గట్టు వదిలి దిగాలి. ఒంటరి చెట్టు కింద, చిన్న రాతి చూరు కింద నిలబడొద్దు. 2,500 మీటర్లు దాటాక తలనొప్పితోపాటు వికారం మొదలైతే అంతకంటే పైకి పోకూడదు.

దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బరువును ఆపాలి. ఎక్కేటప్పటి కంటే వాటికి జరిగే నష్టం ఎక్కువ, మర్నాడు, మూడోనాడు వచ్చే నొప్పి దీనిదే. మోకాలు కొద్దిగా వంచి, చిన్న అడుగులతో, దుమకకుండా దిగాలి. తేలికైన చోట ముఖం బయటికి, కాస్త నిటారైతే పక్కకి, మరీ నిటారైతే బండ వైపు తిప్పుకుని దిగాలి. కాళ్లు వణికితే ఐదు నిమిషాలు కూర్చుని, ఏదైనా తిని కదలండి. కష్టమైన బండలు అయిపోయాయనుకుని ఫోన్ చూస్తూ నడిచే ఆఖరి కిలోమీటరులో చీలమండ మెలితిరగడం చాలా మామూలు.

పగటి ట్రెక్కే అయినా హెడ్‌ల్యాంప్, ఈల బ్యాగులో ఉండాల్సిందే. సాయం కావాలంటే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు ఊదాలి. ఎవరికైనా వినబడితే నిమిషంలో మూడుసార్లు ఊది బదులిస్తారు. బదులు వచ్చినా, మిమ్మల్ని చేరేదాకా ఊదుతూనే ఉండండి.