ట్రైనింగ్ ఫారం మీద సంతకం పెట్టే ముందు ఈ మాటలు తెలుసుకోండి

పది, ఇంటర్ రిజల్ట్స్ వచ్చాక కొన్నాళ్ళకే ఊళ్ళల్లోకి ట్రైనింగ్ సెంటర్ల వాళ్ళు వచ్చేస్తారు. వెలుగు ఆఫీసులోనో గ్రామ సంఘం మీటింగులోనో పేర్లు రాసుకుని ఇంటింటికీ తిరుగుతారు, మూడు నెలలు ఫ్రీ ట్రైనింగ్ అమ్మా, హాస్టలు ఫ్రీ, భోజనం ఫ్రీ, అయ్యాక ఉద్యోగం గ్యారంటీ అంటారు, ఒక ఫారం చేతిలో పెడతారు, అమ్మో నాన్నో సంతకం పెట్టేస్తారు. ఆ ఫారంలో కౌన్సెలింగ్, డొమైన్ (అంటే మీరు నేర్చుకునే అసలు పని), ఓజేటీ, అసెస్‌మెంట్, ప్లేస్‌మెంట్, రిటెన్షన్ అని బోలెడు మాటలుంటాయి. నేను పార్వతీపురం, సాలూరు, బొబ్బిలి వైపు ఈ పిల్లలతోనే పనిచేస్తుంటాను, నాకు రోజూ కనిపించేది ఏంటంటే ఈ ప్రతి మాటకీ గవర్నమెంట్ గైడ్‌లైన్స్‌లో ఒక లెక్క రాసి ఉంటుంది, ఎన్ని గంటలు, ఎన్ని నెలలు, ఎంత డబ్బు అని, ఆ లెక్క సెంటర్ వాళ్ళకి తెలుసు ఆఫీసర్లకి తెలుసు, తెలియంది ఒక్క ఆ పిల్లకీ వాళ్ళమ్మకీ మాత్రమే. అందుకే ఈ పోస్టు.

ముందు అసలు ఏ స్కీం కింద ట్రైనింగ్ ఇస్తున్నారో అడగండి. అన్నీ ఫ్రీయే అయినా అన్నీ ఒకటి కాదు. డీడీయూజీకేవై అంటే దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, 2014 సెప్టెంబర్ 25న మొదలైంది, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖది, ఏపీలో సీడాప్, తెలంగాణలో ఈజీఎంఎం అనే ప్రభుత్వ సంస్థలు చూస్తాయి. ఊళ్ళల్లో పేద కుటుంబాల పిల్లలకి, 15 నుంచి 35 ఏళ్ళ మధ్య, ఆడపిల్లలకీ వికలాంగులకీ అయితే 45 దాకా. పీఎంకేవైవై, అంటే ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వేరే, అది స్కిల్ డెవలప్‌మెంట్ మంత్రిత్వ శాఖది, 2015లో వచ్చింది. ఆర్‌సెటీ అంటే బ్యాంకులు నడిపేవి, జిల్లాకొకటి ఉంటుంది, అక్కడ సొంతంగా పని పెట్టుకోడానికి నేర్పుతారు, టైలరింగ్ అయినా సెల్‌ఫోన్ రిపేర్ అయినా పాడిపశువుల పెంపకమైనా, తర్వాత లోన్ కోసం బ్యాంకుతో కలుపుతారు. ఆర్‌సెటీకి వెళ్ళి కంపెనీ ఉద్యోగం ఎప్పుడిస్తారు అని అడిగితే లాభం లేదు, అలాగే పరాయి ఊరు వెళ్ళడం కుదరని పిల్ల డీడీయూజీకేవైలో చేరితే చివర్లో ఏడుపే. ఆ అమ్మాయికి ఏది సరిపోతుందో కూర్చోబెట్టి మాట్లాడ్డాన్నే కౌన్సెలింగ్ అంటారు, చాలా చోట్ల అది పది నిమిషాల్లో సంతకంతో అయిపోతోంది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. అమ్మానాన్నలు సెంటర్‌కి వెళ్ళి హాస్టలు చూసుకుని, వార్డెన్ ఎవరో, రాత్రి గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో అడిగి తెలుసుకున్నాకే సంతకం పెట్టండి. వెళ్తామంటే వద్దనే సెంటర్ అయితే ఆ సెంటర్ మీకొద్దు.

ఇప్పుడు ప్లేస్‌మెంట్ సంగతి. మన పిల్లలు ప్లేస్‌మెంట్ అంటే ఆఫర్ లెటర్ చేతికి రావడం అనుకుంటున్నారు, ఫొటో తీసి స్టేటస్ పెట్టేస్తారు, ఇంట్లో స్వీట్లు పంచేస్తారు. డీడీయూజీకేవై గైడ్‌లైన్స్‌లో ప్లేస్‌మెంట్ అంటే కనీసం మూడు నెలలు ఉద్యోగంలో ఉండి జీతం తీసుకున్నట్టు రుజువు ఉండాలి. లెటర్ ఇచ్చి బస్సెక్కించి పంపేస్తే అది ప్లేస్‌మెంట్ కాదు. ట్రైనింగ్ అయినవాళ్ళలో కనీసం 70 శాతం మందికి ఇలా ఉద్యోగం చూపించాల్సిన బాధ్యత సెంటర్ నడిపే సంస్థది, అంటే వాళ్ళకొచ్చే డబ్బు కూడా దీంతోనే ముడిపడి ఉంటుంది. అందుకే మొదటి మూడు నెలలు ఫోన్ మీద ఫోన్ చేసి పేస్లిప్ పంపమ్మా పంపమ్మా అని అడుగుతారు, ఆ తర్వాత కొంతమంది ఫోనే ఎత్తరు. ఏడాది పాటు ఉద్యోగంలో నిలబడితే దాన్ని రిటెన్షన్ అంటారు, దానికీ సంస్థకి విడిగా ఇన్సెంటివ్ ఉంది, కాబట్టి నాలుగో నెల్లో కష్టం వచ్చినా సెంటర్‌కి ఫోన్ చేసే హక్కు మీకుంది, మొహమాటపడకండి.

పీఎంకేవైవైలో ఇంత గట్టి షరతు లేదు, మొదటి మూడు వెర్షన్లలో షార్ట్ టర్మ్ ట్రైనింగ్‌కి ప్లేస్‌మెంట్ లెక్క చూసేవాళ్ళు, 4.0కి వచ్చేసరికి నేర్చుకున్న పిల్లలే తమ దారి ఎంచుకోవాలి అనే వైపు వెళ్ళింది. మొబిలైజర్, అంటే ఊళ్ళో పేర్లు రాసుకునే మనిషి, రెండిటికీ ఒకటే మాట, ఉద్యోగం గ్యారంటీ అనే చెప్తాడు. ఏ స్కీం అని ముందు అడగమన్నది ఇందుకే.

ఇంకోటి పోస్ట్ ప్లేస్‌మెంట్ సపోర్ట్. ఇది అసలు ఉన్నట్టే చాలామందికి తెలీదు. కొత్త ఊర్లో మొదటి జీతం వచ్చేదాకా బతకాలి కదా, రూము అడ్వాన్సు కట్టాలి, బకెట్టూ దుప్పటీ కొనుక్కోవాలి, దానికోసం నేరుగా పిల్లల అకౌంట్లో పడే డబ్బు ఇది. డీడీయూజీకేవై మొదటి గైడ్‌లైన్స్ ప్రకారం నెలకి 1,000 రూపాయలు, సొంత జిల్లాలో ఉద్యోగమైతే రెండు నెలలు, జిల్లా దాటి రాష్ట్రంలోనే అయితే మూడు నెలలు, వేరే రాష్ట్రమైతే ఆరు నెలలు. స్కీం వెర్షన్ మారితే మొత్తాలు మారతాయి కాబట్టి మీ బ్యాచ్‌కి ఎంత, ఎన్ని నెలలు అని చేరే రోజే రాయించుకోండి.

జీతం గురించి చెప్పేటప్పుడు సీటీసీ, గ్రాస్, టేక్ హోమ్ అని మూడు అంకెలుంటాయి. కుట్టు మిషన్ ఆపరేటర్ బ్యాచ్ పూర్తి చేసి వేరే రాష్ట్రంలో గార్మెంట్ ఫ్యాక్టరీలో చేరిన ఒకమ్మాయి తన మొదటి పేస్లిప్ ఫొటో వాట్సాప్‌లో పంపి అక్కా నన్ను మోసం చేశారు, 15 వేలన్నారు 9 వేలే పడ్డాయి అని ఏడ్చింది. అలాంటి స్లిప్‌ని రౌండ్ అంకెలతో విప్పి చెప్తాను చూడండి. గ్రాస్, అంటే ఏ కోతలూ పడకముందు జీతం, 13,300 అనుకోండి, అందులో బేసిక్ 10,000. బేసిక్ మీద 12 శాతం పీఎఫ్ అంటే 1,200 మీ జీతంలోంచి కట్ అవుతుంది, గ్రాస్ మీద 0.75 శాతం ఈఎస్ఐ అంటే ఒక 100. మిగిలింది 12,000. కంపెనీ తన వైపు నుంచి ఇంకో 1,200 పీఎఫ్, 3.25 శాతం లెక్కన 432 ఈఎస్ఐ కడుతుంది, అవి రెండూ మీ గ్రాస్‌కి కలిపితే 14,932, దాన్నే 15 వేల సీటీసీ అని చెప్తారు. ఆ 12,000లోంచి హాస్టలు, మెస్సు కలిపి 3,000 పోతే చేతికి 9,000. ఇందులో పీఎఫ్, ఈఎస్ఐ మోసం కాదు, పీఎఫ్ మీ డబ్బే, ఈఎస్ఐ కార్డు ఉంటే ఆస్పత్రి ఖర్చు తప్పుతుంది. తప్పు ఎక్కడుందంటే హాస్టలు, మెస్సుకి పట్టుకుంటారన్న మాట ఊర్లో ఎవరూ చెప్పకపోవడంలో ఉంది, అది ముందే తెలిసుంటే ఆ పిల్ల వెళ్ళాలో వద్దో తనే తేల్చుకునేది, వాళ్ళ నాన్న ఆ 15 వేలు చూసుకుని చిట్టీ కట్టేవాడు కాదు. అందుకే జీతం ఎంత అని కాదు, అన్నీ పోను చేతికి ఎంత వస్తుంది, హాస్టలుకి ఎంత పట్టుకుంటారు, డ్యూటీ ఎనిమిది గంటలా పన్నెండా, ఓటీ ఉంటే ఎలా ఇస్తారు అని అడగండి. పేస్లిప్ మీద యూఏఎన్ అని 12 అంకెల పీఎఫ్ నంబరు ఉంటుంది, దాన్ని ఇంట్లో క్యాలెండర్ వెనకాలైనా రాసి పెట్టుకోండి. ఆరేడు నెలలు చేసి మానేసి వచ్చి ఆ పీఎఫ్ డబ్బు అలాగే వదిలేసినవాళ్ళు మా మండలాల్లో ఎంతమందో.

స్టైపెండ్ వేరు, జీతం వేరు. అప్రెంటిస్‌షిప్‌లో వచ్చేది స్టైపెండ్. 1961 అప్రెంటిసెస్ యాక్ట్ ప్రకారం అప్రెంటిస్ వర్కర్ కాదు, ట్రైనీ. అందుకే పీఎఫ్ ఉండదు, అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న రూలూ లేదు. కానీ పనిలో దెబ్బ తగిలితే పరిహారం ఇవ్వాల్సిన బాధ్యత యజమానిదే, సెలవులకీ పని గంటలకీ రూల్స్ ఉన్నాయి. 2019లో సవరించిన రూల్స్‌లో కనీస స్టైపెండ్ చదువుని బట్టి నెలకి 5,000 నుంచి 9,000 దాకా పెట్టారు, 30 మంది, అంతకంటే ఎక్కువ పనిచేసే సంస్థలు తమ బలంలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లని తీసుకోవాలి అన్నారు. ఎన్ఏపీఎస్ అనే కేంద్ర అప్రెంటిస్‌షిప్ స్కీం కింద కేంద్రం ఇచ్చే వాటా, అంటే స్టైపెండ్‌లో 25 శాతం, 1,500కి మించకుండా, 2023 నుంచి నేరుగా పిల్లల అకౌంట్‌లోనే వేస్తున్నారు. ముఖ్యమైన మాట, అప్రెంటిస్‌షిప్ కాంట్రాక్ట్ గవర్నమెంట్ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్టర్ అవ్వాలి. రిజిస్టర్ కాకుండా ఊరికే ట్రైనీ అని పేరు పెట్టి ఏడాది పని చేయించుకుంటే చివర్లో సర్టిఫికెట్ రాదు. ఓజేటీ అంటే ట్రైనింగ్‌లో భాగంగా కొన్ని రోజులు నిజం పనిచోట కూర్చోబెట్టి నేర్పడం, దాన్నీ అప్రెంటిస్‌షిప్‌నీ కలిపేయొద్దు.

ఐటీఐ వైపు వెళ్ళేవాళ్ళు ఒకటే చూడండి, మీరు చేరే ట్రేడ్ ఎన్‌సీవీటీదా ఎస్‌సీవీటీదా. రెండోది రాష్ట్ర స్థాయి, మొదటిది జాతీయ స్థాయి, దాని పరీక్ష పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది, రైల్వే, సింగరేణి, స్టీల్ ప్లాంట్ లాంటి చోట్ల నోటిఫికేషన్లలో అడిగేది ఎక్కువగా ఇదే. ఎన్‌సీవీటీ పని ఇప్పుడు ఎన్‌సీవీఈటీ అనే సంస్థ కిందికి వచ్చింది, 2020 నుంచి. కొన్ని ప్రైవేట్ ఐటీఐల్లో కాలేజీకి పర్మిషన్ ఉంటుంది గానీ మీరు చేరే ఆ ట్రేడ్‌కి ఉండదు, కాబట్టి ఫిట్టర్‌కి ఉందా ఎలక్ట్రీషియన్‌కి ఉందా అని ట్రేడ్ పేరు పెట్టి అడగాలి.

ఎన్ఎస్‌క్యూఎఫ్ లెవెల్ అని సర్టిఫికెట్ల మీద ఒక అంకె ఉంటుంది. ఏ కోర్సు ఏ స్థాయిదో చెప్పే నిచ్చెన అది, 2013 డిసెంబర్‌లో 10 మెట్లతో తెచ్చారు, 2023లో దాన్ని 8కి మార్చారు, మధ్యలో 2.5, 3.5 లాంటి సగం మెట్లు కూడా పెట్టారు. లెవెల్ పక్కన క్యూపీ కోడ్ ఉంటుంది, అంటే ఆ ఉద్యోగానికి ఏమేం పనులు వచ్చి ఉండాలో రాసిన పత్రం నంబరు. ఆ పత్రం నెట్‌లో ఎవరైనా చూడొచ్చు, సెంటర్‌లో అందులో ఉన్నవన్నీ నేర్పుతున్నారా లేదా అని పిల్లలే సరి చూసుకోవచ్చు, నేను మా బ్యాచ్‌లకి దాన్ని ప్రింట్ తీసి గోడకి అంటిస్తాను.

అసెస్‌మెంట్ రోజు వచ్చేది బయటి మనిషి, మీ సార్ కాదు. థియరీ ట్యాబ్‌లో పెడతారు, తర్వాత ప్రాక్టికల్, వైవా. కుట్టు బ్యాచ్ అయితే సూది మార్చు, బాబిన్ ఎక్కించు, ఈ గుడ్డ మీద తిన్నగా కుట్టు అంటారు. రోజూ ఆరు గంటలు మిషన్ మీద కూర్చున్న పిల్లలు ప్రాక్టికల్ చక్కగా చేస్తారు, థియరీలో ఇంగ్లీషు ప్రశ్న చూసి చెయ్యి వణికి ఏదో ఒకటి నొక్కేస్తారు. ప్రశ్నలు తెలుగులో ఉంటాయా అని కనీసం రెండు వారాల ముందు అడిగి పెట్టుకోండి, ఆ రోజు పొద్దున అడిగితే ఎవరూ ఏం చెయ్యలేరు.

ఇంట్లో తాపీ మేస్త్రీలు, టైలర్లు, ఎలక్ట్రీషియన్లు ఉన్నవాళ్ళకి ఆర్‌పీఎల్ అని ఒకటుంది. ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్నా చేతిలో కాగితం లేనివాళ్ళకి మళ్ళీ మొదటి నుంచి ట్రైనింగ్ ఏమీ లేకుండా, చిన్న ఓరియెంటేషన్ పెట్టి, పని చూసి సర్టిఫికెట్ ఇస్తారు. గల్ఫ్ వెళ్దామనుకునే మేస్త్రీలకి ఇది పనికొస్తుంది, ఏజెంటుకి డబ్బులు కట్టే ముందు ఇది చేయించుకోండి.

చదువు మధ్యలో ఆపేసిన పిల్లల అమ్మానాన్నలకి ఒక మాట. టెన్త్ ఫెయిలైందని ట్రైనింగ్‌కి పంపేసి చదువు అయిపోయింది అనుకోకండి. ఓపెన్ స్కూల్‌లో పది, ఇంటర్ కట్టుకోవచ్చు, ఉద్యోగం చేస్తూనే రాయొచ్చు. ఐటీఐ చేసినవాళ్ళకి తెలంగాణలో ఎల్‌పీసెట్ రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరే దారి ఉంది, డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాది. ఫిట్టర్‌గా మొదలైన పిల్లాడు ఇంజనీర్ అవ్వడానికి దారి తెరిచే ఉంది, చెప్పేవాళ్ళే లేరు.

ఇక చేరే ముందు చెప్పింది ఒకటి చేరాక జరిగింది ఒకటి అయితే ఊరికే కూర్చోకండి. ఆఫర్ లెటర్, పేస్లిప్‌లు, బ్యాచ్ నంబరు, సెంటర్ వాళ్ళతో వాట్సాప్ మాటల స్క్రీన్‌షాట్లు అన్నీ దాచండి. ముందు సెంటర్ హెడ్‌కి రాతపూర్వకంగా ఇచ్చి ఒక కాపీ మీద తేదీ వేయించుకోండి. అక్కడ తేలకపోతే ఏపీలో సీడాప్ జిల్లా ఆఫీసు, తెలంగాణలో ఈజీఎంఎం చూసే డీఆర్‌డీఓ, అంటే జిల్లా గ్రామీణాభివృద్ధి ఆఫీసు. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు, తెలంగాణలో దాన్ని ప్రజావాణి అంటారు. అర్జీలో మోసం చేశారు అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. ఏ స్కీం, ఏ బ్యాచ్, ఏ నెల నుంచి పోస్ట్ ప్లేస్‌మెంట్ సపోర్ట్ పడలేదు, చెప్పిన జీతం ఎంత, చేతికి వచ్చింది ఎంత, అలా రాయండి, రసీదు తీసుకోకుండా ఇంటికి రావద్దు.