రూమ్‌లో రెస్ట్

అన్నయ్య పంపిన ఎక్సెల్ షీటు సాయంత్రం నుంచి తెరుస్తున్నాను, మూస్తున్నాను. గండికోట, బెలుం గుహలు, అహోబిలం. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న ట్రిప్ ఇది. ఏ పూట ఎక్కడ ఉండాలి, ఎవరు ఏ కారులో ఎక్కాలి, టార్చ్‌లు ఎవరి దగ్గర ఉండాలి, అన్నీ రాశాడు. అంతా బాగానే ఉంది. నాన్న పేరుకి ఎదురుగా మాత్రం మూడు రోజులూ ఒకటే మాట: రూమ్‌లో రెస్ట్. దానికి బూడిద రంగు కూడా వేశాడు.

లైటు తీసేసి పడుకున్నా నిద్ర పట్టలేదు. అందుకే ఈ రాత.

ఫోన్ చేస్తే, "మోకాలి ఆపరేషన్ అయిన మనిషి అన్ని మెట్లు దిగుతారా, నువ్వే చెప్పు" అన్నాడు. దిగడం కష్టమే, కాదనను. కానీ ఒక్క మాట అడిగాడా ఆయన్ని? ఈ మధ్య మా ఇళ్లలో ఇది అలవాటైపోయింది. పెళ్లికి వెళ్దామంటే "నాన్నకి ప్రయాణం పడదు." సినిమాకి వెళ్దామంటే "నాన్నకి అంతసేపు కూర్చోవడం కష్టం." ఆయన పక్క గదిలోనే ఉంటారు. వింటూనే ఉంటారు. పేపరు పేజీ తిప్పిన చప్పుడు మాత్రం వినిపిస్తుంది. ఎవరూ చెడ్డగా అనరు, అందరూ ప్రేమతోనే అంటారు. అందుకే ఎదురు చెప్పడానికి నోరు రాదు, లోపల మాత్రం మండుతూ ఉంటుంది. పోయిన నెల మా ఆయన కూడా ఇలాగే ఏదో అన్నారు. 

అసలు మాకు బెలుం చూపించిందే నాన్న.

ఆ గుహల్ని జనం చూడటానికి 2002లో తెరిచారు. ఆ కొత్తల్లోనే వెళ్లాం. పైనుంచి చూస్తే అక్కడ గుహ ఉందని ఎవరూ అనుకోరు. చదునైన నేల, అందులో బావుల్లాంటి మూడు గోతులు. మధ్య దాంట్లోంచి లోపలికి మెట్లు. దిగేముందు నాన్న మమ్మల్ని అంచు దగ్గర నిలబెట్టి క్లాసు మొదలుపెట్టారు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడట. ఆ తర్వాత దాదాపు వందేళ్లు పట్టించుకున్నవాళ్లే లేరట. 1980ల్లో జర్మన్ల బృందం ఒకటి వచ్చి లోపలంతా తిరిగి పరిశీలించిందట. పొడవు మూడు కిలోమీటర్ల పైమాటే, మనల్ని పోనిచ్చేది అందులో సగం. అన్నయ్య ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుని దిక్కులు చూస్తున్నాడు. నాకు మాత్రం ఆయన చెప్పే పద్ధతే ముచ్చటగా ఉండేది, ఆ ఫుట్ గారిని నిన్ననే కలిసి వచ్చినట్టు చెప్పేవారు.

లోపల చల్లగా ఉంటుందనుకుని దిగాను. ఒకటే ఉక్క. కాసేపటికే చొక్కాలు వీపులకి అతుక్కుపోయాయి. నాన్న కళ్లద్దాలకి ఆవిరి పట్టింది. చొక్కా అంచుతో తుడుచుకోవడం, నాలుగడుగులు వేసేసరికి మళ్లీ మసకబారడం. చివరికి విసుగొచ్చి వాటిని జేబులో పెట్టేసుకుని నా భుజం పట్టుకున్నారు. అలాగే నడిచాం, నేను ముందు, ఆయన వెనక. "ఇక్కడ మెట్టు", "ఇక్కడ తల వంచండి" అని చెబుతూ తీసుకెళ్లాను. నల్లటి సున్నపురాయి గోడలు, నీళ్లు కోసిన గాట్లు, కొన్నిచోట్ల నున్నగా మలిచినట్టుంటాయి.

పాతాళగంగ అని ఒక చోటుంది. గుహలో అన్నిటికంటే లోతైన చోటు అదే, నేల మీది నుంచి 46 మీటర్ల కింద. సరిగ్గా అక్కడికి చేరేసరికి కరెంటు పోయింది. అలాంటి చీకటి నేను మళ్లీ చూడలేదు. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. ఎవరో పిల్లాడు ఏడుపు అందుకున్నాడు. నా భుజం మీద చెయ్యి కొంచెం బిగిసింది. "కదలొద్దు. నీళ్లు వినపడుతున్నాయా?" అన్నారు నాన్న. వినపడుతున్నాయి, సన్నగా. ఇక ఆ చీకట్లోనే మొదలుపెట్టారు. వాననీరు గాలిలోంచి, మట్టిలోంచి కార్బన్ డయాక్సైడ్ పట్టుకుని కొంచెం ఆమ్లంగా మారుతుంది. సున్నపురాయి పగుళ్లలోకి దిగి దాన్ని కరిగిస్తూ పోతుంది. పగులు సందవుతుంది, సందు దారవుతుంది. "ఇప్పుడు మీరు నిలబడ్డ చోటు ఈ నీళ్లు చేసిందే" అన్నారు. ఆ పిల్లాడు ఏడుపు ఆపి వింటున్నాడు. లైట్లు వచ్చాయి, నాన్న ఇంకా చెబుతూనే ఉన్నారు.

ఆ మనిషికి రూమ్‌లో రెస్టా?

ఇదంతా రాస్తుంటే ఆ రోజు తర్వాత జరిగింది కూడా గుర్తొస్తోంది. పైకొచ్చాక నాన్నకి ఆయాసం వచ్చింది, చాలాసేపు నీడలో కూర్చుండిపోయారు. అప్పుడు ఆయన వయసు ఇప్పటి అన్నయ్య వయసే. లోపల ఉక్క మారదు, వంగి నడిచే చోట్లు మారవు. పైగా ఆపరేషన్ అప్పుడు రాత్రిళ్లు ఆసుపత్రిలో కుర్చీలో పడుకున్నది అన్నయ్యే. నాన్న నొప్పికి మూలుగుతుంటే విన్నది వాడు. వాడి భయం వట్టి చాదస్తమేమీ కాదు. నాన్నని పాతాళగంగ దాకా దింపాలన్న పట్టుదల ఇప్పుడు నాకూ లేదు.

కానీ పాతాళగంగకీ రూమ్‌కీ మధ్య ఎంత చోటుందో! గండికోటలో కోట లోపలికి కారు వెళ్తుంది. జుమ్మా మసీదు, పక్కనే ధాన్యాగారం, మాధవరాయ స్వామి గుడి, మెల్లగా నడుస్తూ చూడొచ్చు. కష్టమల్లా లోయ అంచు దగ్గరే, అక్కడన్నీ ఎర్రటి పెద్ద బండలు. అహోబిలంలో దిగువ గుడికి ఇబ్బందే లేదు, ఎగువ అహోబిలం దాకా రోడ్డుంది. ఆ పైన జ్వాలా నరసింహ స్వామి దగ్గరికి, ఉగ్రస్తంభం అనే కొండ కొమ్ముకి మాత్రం కాళ్లు గట్టిగా ఉండాలి.

ఇక ఉండబట్టలేక లేచి వెళ్లాను. నాన్న ఇంకా పడుకోలేదు. షీటు చూపించలేదు, ఊర్ల పేర్లు చెప్పి, "ఏం చూస్తారు నాన్నా?" అన్నాను. ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం కూడా పట్టలేదు. "బెలుం చూశాను కదమ్మా. నేను పైన కూర్చుంటా, పిల్లలకి దిగేముందే అంతా చెబుతా. గండికోటలో పెన్న చూడాలి, ఆ ఎర్రమల కొండల్ని ఎలా కోసుకుని పోయిందో. బండల దగ్గర చెయ్యి పట్టుకోండి చాలు. అహోబిలంలో మీరు ఎక్కి రండి, నేను భవనాశిని ఏటి ఒడ్డున కూర్చుంటా. రూమ్‌లో మాత్రం వదిలేయకండి."

షీటు సంగతి ఆయనకి ముందే తెలుసేమో. అడగలేదు.

వచ్చి ఆ బూడిద రంగు తీసేశాను. పక్కన ఇంకో కాలమ్ పెట్టి "నాన్న ఎంతవరకు" అని రాసి, ఒక్కో చోటికీ నింపి అన్నయ్యకి పంపాను. పనిలో పనిగా అహోబిలానికి పూర్తి రోజు ఇచ్చాను. వాడు ఒక్క పూట ఇచ్చాడు, ఉగ్రస్తంభం ఎక్కి దిగడానికి అది ఏ మూలకీ చాలదు. నెల ఇంకా తేలలేదు. అన్నయ్య మే అంటున్నాడు, పిల్లల సెలవులని. మే నెల ఎండలో గండికోట బండల మీద నాన్నని నిలబెట్టలేం, భవనాశినిలో నీళ్లూ ఉండవు. డిసెంబరు అయితే అన్నీ కుదురుతాయి, వదినకి లీవ్ దొరకాలి. రేపు పొద్దున్నే తనకి ఫోన్ చేస్తాను.