నాలుగు వెండి నక్షత్రాలు పోయి ఒక బంగారు నక్షత్రం వచ్చింది

భుజం మీద కొత్త నక్షత్రంతో దిగిన ఫొటో పంపగానే గుంటూరు నుంచి మామయ్య ఫోన్ చేశాడు. "ఇదివరకు నాలుగుండేవి కదమ్మా, ఇప్పుడు ఒకటే ఉందేంటి? ఏమైనా గొడవైందా?" ఆయన కంగారులో తప్పులేదు. జర్మనీ పోలీసుల్లో వెండి నక్షత్రాల వర్గం దాటాక బంగారువి మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. ఆ ఒక్కదానికి నాకు 16 ఏళ్లు పట్టింది.

నేను పుట్టి పెరిగింది నార్త్‌రైన్ వెస్ట్‌ఫాలియాలో. ఈ దేశంలో 16 రాష్ట్రాలకూ ఎవరి పోలీసు వాళ్లదే, ఫెడరల్ పోలీసు వేరు. మా రాష్ట్రంలో అందరూ మూడేళ్ల డిగ్రీ చదివి ఒక వెండి నక్షత్రంతో కొమిస్సార్‌గా మొదలవుతారు. చదివినన్నాళ్లూ మనది ఎప్పుడైనా రద్దు చేయగల ఉద్యోగమే. ఆ తర్వాత ప్రొబేషన్. అదీ దాటాక జీవితకాలపు ఉద్యోగి అని పత్రం ఇస్తారు. మా అమ్మ దాన్ని తీసుకెళ్లి దేవుడి దగ్గర పెట్టింది.

గస్తీ, నైట్ షిఫ్టులు, టీమ్ బాధ్యత చూస్తూ నాలుగో నక్షత్రం దాకా వచ్చాను. ఆపై వర్గానికి సీనియారిటీ ఒక్కటే చాలదు. లా చదివినవాళ్లు నేరుగా చేరే దారి ఉంది గానీ, ఎక్కువమంది నాలా కింది నుంచే వస్తారు. పనితీరు నివేదికల్లో మంచి మార్కులుండాలి, ఎంపికలో నెగ్గాలి, మళ్లీ రెండేళ్లు చదవాలి.

మొదటిసారి ఎంపికలో తప్పాను. తరచూ ఆలస్యంగా వచ్చే ఉద్యోగిలా నటిస్తూ ఒకరు నా ఎదురుగా కూర్చున్నారు, ఆయనతో మాట్లాడమన్నారు. నాలుగు నిమిషాల్లో ఏం చేయాలో చెప్పేశాను. ఇంట్లో తల్లికి బాగాలేదన్న సంగతి ఆయన చెప్పేలోపే. బయటికొచ్చి కార్లో చాలాసేపు ఏడ్చాను. ఆ ఏడాదంతా మా టీమ్‌లో ఎవరు మాట్లాడినా, వాళ్లు ముగించేదాకా నోరు మెదపకుండా ఉండడం సాధన చేశాను. నాకది చాలా కష్టమైంది. రెండోసారి నెగ్గాను.

చదువులో మొదటి ఏడాది సొంత రాష్ట్రంలో, రెండోది మ్యూన్‌స్టర్‌లోని హిల్ట్రుప్‌లో ఉన్న జర్మన్ పోలీసు విశ్వవిద్యాలయంలో. అన్ని రాష్ట్రాల అధికారులూ అక్కడ ఒకే తరగతిలో కూర్చుంటారు. నేను జనసమూహాల భద్రత మీద థీసిస్ రాశాను. 2010 జూలై 24న డూయిస్‌బుర్గ్‌లో లవ్ పరేడ్ అనే సంగీతోత్సవంలో 21 మంది నలిగి చనిపోయారు. వచ్చేవాళ్లకూ వెళ్లేవాళ్లకూ సొరంగాల గుండా అదే ర్యాంపు. ఆ మ్యాపు చూసినప్పుడల్లా 2015 రాజమండ్రి పుష్కరాల తొక్కిసలాట గుర్తొచ్చేది. ఆ ఏడు మా అమ్మమ్మ అక్కడికే వెళ్తానని పట్టుబట్టింది.

"అయితే డీఎస్పీ అనుకోవచ్చా?" అన్నాడు మామయ్య. సరిగ్గా సరిపోదు గానీ దగ్గరే అన్నాను. వచ్చే శనివారం నా ఆధ్వర్యంలో మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ బందోబస్తు. ఏ గేటు ఎప్పుడు మూయాలో చెప్పే బాధ్యత నాది. రాత్రి మళ్లీ స్టేడియం మ్యాపు తీసి కూర్చున్నాను.