సులిస్ తల్లికి రాసిన సీసపు అర్జీలు

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరుగుతున్నప్పుడు, విజయవాడ దుర్గా ఘాట్‌లో మా పెద్దమ్మ స్నానం ముగించుకొని పైకి వచ్చేసరికి మెట్టు మీద పెట్టిన చేతిసంచి కనిపించలేదు. అందులో ఒక పొడి చీర, కళ్ళజోడు, కుంకుమ భరిణె తప్ప మరేమీ లేవు. ఆమె ఎవరి దగ్గరికీ ఫిర్యాదుకు వెళ్ళలేదు. తడిబట్టలతోనే ఇంద్రకీలాద్రి వైపు తిరిగి చేతులు జోడించి, "అమ్మా, ఆడో మగో నాకు తెలియదు, నా సంచి తీసినవాళ్ళకు అది తిరిగి తెచ్చేదాకా కంటి మీద కునుకు రానివ్వకు" అని చుట్టుపక్కల అందరికీ వినిపించేలా చెప్పింది. నాకు సిగ్గుగా అనిపించింది.

కొన్నేళ్ళ తరువాత, రోమన్ పాలనలోని బ్రిటన్‌లో మతజీవనం గురించి చదువుతుండగా ఇంచుమించు అవే మాటలు మళ్ళీ ఎదురయ్యాయి. ఇంగ్లాండులోని బాత్ నగరంలో ఒక వేడినీటి బుగ్గ ఉంది. సుమారు 46 డిగ్రీల వేడితో రోజుకు పది లక్షల లీటర్లకు పైగా నీరు అక్కడ ఉబికి వస్తుంది. ఆ బుగ్గ అడుగున సుమారు 130 సీసపు రేకులు దొరికాయి. వాటిలో ఒకదాని మీద బ్రూసెరస్ కొడుకు డోసిలియానస్ తన ముసుగు అంగీ పోయిందని సులిస్ దేవికి విన్నవించుకున్నాడు. తీసినవాడు మగవాడైనా, ఆడదైనా, బానిసైనా, స్వతంత్రుడైనా సరే, ఆ అంగీని గుడికి తెచ్చి అప్పగించేదాకా వాడికి నిద్రనూ సంతానాన్నీ ఇవ్వవద్దని, వాడి ప్రాణం తీయమని అడిగాడు. స్నానానికి వెళ్ళినవాళ్ళ బట్టలు పోవడం అప్పుడూ ఉన్నదే. అయితే మా పెద్దమ్మ ప్రాణం దాకా పోలేదు, నిద్రతో సరిపెట్టింది.

ఈ సులిస్ ఎవరన్నది ఇక్కడ అసలు విషయం. రోమన్లు క్రీ.శ. 43లో బ్రిటన్ మీదికి దండెత్తి రాకముందే ఆ బుగ్గకు అధిదేవతగా ఉన్న స్థానిక దేవత ఆమె. రోమన్లు ఆమెను తమ జ్ఞానదేవత మినర్వాతో ఒకటిగా భావించి, బుగ్గ పక్కనే రాతి గుడి కట్టి, సులిస్ మినర్వా అని పిలిచారు. పరాయి దేవతలకు తమ దేవతల పేర్లు పెట్టి అర్థం చేసుకునే ఈ అలవాటును రోమన్ చరిత్రకారుడు టాసిటస్ 'రోమన్ అన్వయం' అన్నాడు. ఇక్కడ నేను గమనించిన సంగతి ఒకటుంది: జంట పేరులో ఊరి దేవత పేరే ముందు ఉంది. రేకుల మీద చాలామంది సులిస్ అని మాత్రమే పిలిచారు. కొద్దిమందే మినర్వా పేరు కలిపారు. అర్జీ ఎవరి చేతికి అందాలో రాసేవాళ్ళకు బాగా తెలుసునన్న మాట.

ఆ గుడి ముఖభాగం మీద చెక్కిన తల ఈ కలయికను పుస్తకాలకంటే బాగా చూపిస్తుంది. 1790లో బయటపడిన ఆ శిల్పాన్ని సాధారణంగా గోర్గాన్ తల అంటారు, ఎందుకంటే మినర్వా డాలు మీద ఉండేది గ్రీకు పురాణాల్లోని పాముల జుట్టు రాక్షసి, గోర్గాన్ మెడూసా తలే. కానీ మెడూసా ఆడది; బాత్‌లోని తలకు మాత్రం గుబురు మీసాలున్నాయి, జుట్టు నీటి సుడులలాగో మంటలలాగో చుట్టూ లేచి ఉంటుంది. అది ఏ దేవుడన్న దాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. చెక్కినవాడికి ఆ సందేహమే రాలేదేమో అనిపిస్తుంది.

అదే ఆవరణలో లూసియస్ మార్సియస్ మెమోర్ అనే ఆయన పేరు చెక్కిన పీఠం ఉంది; బలి ఇచ్చిన జంతువుల పేగులు, కాలేయం చూసి శకునం చెప్పడం ఆయన వృత్తి, అది ఇటలీ నుంచి వచ్చిన విద్య. ఇప్పటి జర్మనీలోని ట్రియర్ ప్రాంతం నుంచి వచ్చిన పెరెగ్రినస్ తన వైపు దేవతలైన లౌసెటియస్ మార్స్‌కూ నెమెటోనాకూ అక్కడే రాయి నిలిపాడు. దాని చివర నాలుగు లాటిన్ పొడి అక్షరాలుంటాయి. వాటి భావం "మనస్ఫూర్తిగా, తగిన విధంగా మొక్కు చెల్లించుకున్నాడు" అని. తెలుగువాళ్ళకు దీన్ని ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. మొక్కుకోవడం, ముడుపు కట్టడం, పని అయ్యాక చెల్లించుకోవడం మనకు నిత్యం ఉన్నవే.

దీన్నంతా 'సామరస్యం' అనేసి చేతులు దులుపుకోవడం మాత్రం నాకు నచ్చదు. బాత్ గుడి కట్టడానికి కొద్దికాలం ముందే, క్రీ.శ. 60-61 ప్రాంతంలో, అదే బ్రిటన్‌లో రోమన్ సైన్యం మోనా ద్వీపంలో (ఇప్పటి ఆంగ్లసీ) స్థానిక పూజారులైన డ్రూయిడ్ల పవిత్ర వనాలను నరికివేసింది. కాములోడూనమ్‌లో (ఇప్పటి కోల్చెస్టర్) క్లాడియస్ చక్రవర్తిని దేవుణ్ణి చేసి కట్టిన ఆలయం స్థానికులకు శాశ్వత దాస్యానికి గుర్తుగా కనిపించింది. స్థానిక రాణి బౌడికా నడిపిన తిరుగుబాటులో దానిని నేలమట్టం చేశారు. బుగ్గ దగ్గర దేవతలు కలిసిపోయారంటే, అక్కడికి వచ్చినవాళ్ళకు పని జరగడం ముఖ్యం కనుకనే గాని, పాలకుల పెద్దమనసు వల్ల కాదని నా అభిప్రాయం.

ఆ బుగ్గలో రేకులు వేస్తూ ఉన్న కాలంలోనే, మూడవ శతాబ్దంలో, మన పల్నాటి నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు అశ్వమేధం చేశాడు. ఆయన సోదరి శాంతిశ్రీ బౌద్ధ మహాచైత్యానికి దానాలిచ్చింది. ఒకే ఇంట్లో యజ్ఞమూ చైత్యమూ. అది రాజకుటుంబం సంగతి. నాకు మాత్రం అంగీ పోగొట్టుకున్నవాళ్ళ మతమే ఎక్కువ ఆసక్తి కలిగిస్తుంది.

అందుకే నాకు అన్నిటికంటే ఇష్టమైన రేకు అన్నియానస్‌ది. నాలుగవ శతాబ్దం నాటి ఆ రేకులో, పొద్దున తన పర్సులోంచి ఆరు వెండి నాణేలు దొంగిలించినవాడు "అన్యమతస్థుడైనా, క్రైస్తవుడైనా" పట్టి రాబట్టమని అతడు దేవిని వేడుకున్నాడు. 'అన్యమతస్థుడు' అనడానికి అతడు వాడిన లాటిన్ మాట క్రైస్తవులు తమవాళ్ళు కానివారిని ఉద్దేశించి అనేది. క్రైస్తవుల మాటతో, సులిస్ తల్లికి, దొంగ ఏ మతం వాడైనా వదలవద్దని అర్జీ. ఏటా ఫిబ్రవరి 11న గుణదల మరియమ్మ కొండకు వెళ్ళేవాళ్ళలో కొబ్బరికాయలు కొట్టేవాళ్ళను, తలనీలాలిచ్చేవాళ్ళను, నుదుట బొట్టుతో కొవ్వొత్తి వెలిగించేవాళ్ళను చూసినవాళ్ళకు ఈ వాక్యం వింతగా తోచదు. మా పెద్దమ్మ కూడా మనవరాలి చదువు కోసం ఒకసారి ఆ కొండ ఎక్కింది.

మొన్న ఆమెకు ఈ రేకు సంగతి చదివి వినిపించాను. మతాల ప్రస్తావన ఆమెను ఏమాత్రం కదిలించలేదు. కొత్త కళ్ళజోడు సర్దుకొని, "పొద్దున్నే పర్సులోంచి పోయాయంటే అది ఇంట్లోవాళ్ళ పనేరా. ఊళ్ళోవాళ్ళందరినీ తిట్టుకోవడం దేనికి?" అంది.