మేకుల బొమ్మ దగ్గర మూడు వారాలు

మొన్న శనివారం మ్యూజియం గైడ్ పరీక్ష పాసయ్యాను. బ్యాడ్జి మెడలో ఉండగానే ఇది రాయడానికి కూర్చున్నాను.

అమెరికాలో మా అబ్బాయి ఉండే ఊళ్ళో పెద్ద మ్యూజియం ఉంది. వచ్చినవాళ్ళకు గ్యాలరీలు తిప్పి చూపించే వాలంటీర్లను ఇక్కడ డోసెంట్లు అంటారు. జీతం లేదు, ట్రైనింగ్ మాత్రం తొమ్మిది నెలలు. ఆసిఫాబాద్ వైపు 22 ఏళ్ళు సోషల్ టీచర్‌గా చేసినదాన్ని, ఇంట్లో ఖాళీగా ఉండలేక అప్లై చేశాను. ఇంటర్వ్యూ, పోలీస్ చెకింగ్ అన్నీ నెలలో అయిపోయాయి. నాకిచ్చిన విభాగం ఆసియా, ఆఫ్రికా.

క్లాసులు మొదలయ్యాక చూస్తే యూరప్ చిత్రాలకు పదకొండు క్లాసులు, 54 దేశాలున్న ఆఫ్రికాకు రెండు. పైగా ఒక జిరాక్స్ కట్ట చేతిలో పెట్టి చదువుకోమన్నారు. నేర్పేటప్పుడు ఇంత పొదుపు చేసినవాళ్ళు పరీక్షలో మాత్రం ఏమీ వదలరు.

ఆసియా నాకు కష్టం కాలేదు. చోళుల కాలం నటరాజు ముందు నిలబడి డమరుకం, నిప్పు, అభయహస్తం, పైకెత్తిన పాదం, కింద నలుగుతున్న అపస్మారుడు, అన్నీ కాగితం చూడకుండా చెప్పాను. మా బ్యాచ్‌లో అంత బాగా ఎవరూ చెప్పలేదు, ఈ మాట గట్టిగానే అంటాను.

ట్రయల్ టూర్‌లో అసలు దెబ్బ తగిలింది. పన్నెండు మంది తోటి ట్రైనీలు, మార్కులు వేసే ఆవిడ, నేను. కాంగో ప్రజల న్కీసి న్కోండి అనే చెక్క బొమ్మ దగ్గరికి వచ్చాం. దాదాపు నా నడుమెత్తు ఉంటుంది. ఛాతీ నిండా మేకులు, ఇనప బద్దెలు, పొట్ట మీద అద్దం ముక్క. "ఇది చేతబడి బొమ్మ. శత్రువు నాశనం కావాలని మేకులు కొట్టేవారు" అన్నాను. ఆవిడ చెయ్యెత్తి ఆపేసింది. "మీ గుళ్ళో దేవుణ్ణి ఎవరైనా ఇలాగే అంటే ఊరుకుంటారా?" అని అందరి ముందూ అడిగింది. నాకు నోట మాట రాలేదు. మిగిలిన నాలుగు వస్తువులు ఎలా చూపించానో గుర్తులేదు. చివర్లో కాగితం మీద 'మళ్ళీ రావాలి' అని రాసి ఇచ్చింది. పిల్లలకు పాఠాలు చెప్పి బతికినదాన్ని, ఈ వయసులో పాఠం తప్పుగా చెప్పానని నిలబెట్టారు. ఆ రాత్రి అన్నం సయించలేదు. "ఎందుకమ్మా నీకీ టెన్షన్, మానెయ్" అన్నాడు మా అబ్బాయి. మానలేదు.

ఆవిడ చెప్పింది నిజమే. పక్కకు పిలిచి చెప్పి ఉంటే సరిపోయేది. అదే రోజు ఇంకో ట్రైనీ మన వినాయకుణ్ణి 'ఏనుగు తల ఐడల్' (దేవుణ్ణి వట్టి బొమ్మ చేసే మాట) అంటే ఈవిడే తల ఊపింది, అది నేను మర్చిపోలేను.

తర్వాత మూడు వారాలు, వారానికి మూడు రోజులు, మడత కుర్చీ తీసుకెళ్ళి ఆ బొమ్మ ముందే కూర్చున్నాను. మొదటి రోజు మేకులు లెక్కపెడదామని మొదలుపెట్టి, వందకు దగ్గరలో లెక్క తప్పాను. అన్నీ ఒకేలా లేవు. కొన్ని స్క్రూలు, కొన్ని బద్దెలు. ఎడమ భుజం కింద ఒక మేకుకు చిన్న గుడ్డపీలిక రెండు ముళ్ళు వేసి కట్టి ఉంది. అది చూడగానే ఊళ్ళో పోచమ్మ చెట్టుకు కట్టే ముడుపు గుర్తొచ్చింది. ఆ తర్వాత లైబ్రరీలో చదివింది బుర్రకెక్కింది. తగాదా తీరినప్పుడో, ఒప్పందం కుదిరినప్పుడో, దొంగను పట్టుకోవాల్సినప్పుడో ఒక మేకు దిగేది. ప్రమాణం చేసేవాళ్ళు దాన్ని నాలుకతో తాకేవారు. మాట తప్పినవాణ్ణి న్కోండి వెంటాడుతుంది, ఆ పేరుకే వేటాడేది అని అర్థం. శిల్పి చెక్కినంతవరకు అది వట్టి కొయ్య. న్గాంగా అనే పూజారి పొట్టలో మందులు, మట్టి పెట్టి మూసాకే దానికి శక్తి. మన ప్రాణప్రతిష్ఠ తెలిసినవాళ్ళకు ఇది కొత్తగా చెప్పాలా? నేను చేతబడి అన్నది ఒక ఊరి కోర్టునీ, రిజిస్ట్రేషన్ ఆఫీసునీ. మన గ్రామదేవతలను దయ్యాలని రాసిన తెల్ల మిషనరీల మాటే నేనూ పట్టుకొచ్చి కాంగోవాళ్ళ మీద వేశాను. ఆ సిగ్గు మార్కుల కంటే పెద్దది.

ఈ ట్రైనింగ్‌లో చేరే తెలుగువాళ్ళు జిరాక్స్ కట్టను నమ్ముకోకండి. వస్తువు దగ్గర కూర్చోండి, మన ఊళ్ళో చూసింది ఏదో ఒకటి దారి చూపిస్తుంది. ఇప్పటి నైజీరియాలో ఉండిన బెనిన్ రాజ్యపు ఇత్తడి తలలు నాకు అలాగే అర్థమయ్యాయి. మట్టి అచ్చు మీద మైనం, దానిపైన మళ్ళీ మట్టి, కాల్చితే మైనం కరిగిపోయి ఆ ఖాళీలోకి లోహం. ఆదిలాబాద్‌లో డోక్రా ఇత్తడి బొమ్మలు పోతపోసే ఓజా పనివాళ్ళు తేనెమైనాన్ని దారంలా సాగదీసి మట్టి మీద చుట్టడం నేను కళ్ళారా చూశాను. 1897లో బ్రిటిష్ సైన్యం దోచుకెళ్ళిన ఆ ఇత్తడి పనుల్లో కొన్నింటిని జర్మనీ 2022లో నైజీరియాకు తిరిగిచ్చింది. దొంగ రవాణాలో లండన్ చేరిన పత్తూరు నటరాజు విగ్రహం 1991లో తమిళనాడుకు తిరిగొచ్చిన సంగతి కూడా రెండోసారి టూర్‌లో కలిపి చెప్పాను.

రెండోసారి టూర్ పెట్టింది కూడా ఆవిడే. గుడ్డపీలిక చూపించి ముడుపు సంగతి చెబుతుంటే ఆవిడ వంగి చూసింది. ఇన్నేళ్ళలో ఆ ముడి తను గమనించలేదట. సంతకం పెట్టాక, నటరాజు దగ్గరున్న బోర్డు మీద 'ఐడల్' తీసేసి 'మూర్తి' అని రాయించమని అడిగాను. కమిటీకి చెబుతానంది. వచ్చే శనివారం నా మొదటి టూర్. వెళ్ళగానే ముందు ఆ బోర్డే చూస్తాను.